నదీజలాలు - రాజీమార్గము

జమ్మలమడుగు దగ్గర గండికోట జలాశయాన్ని చూచినవారు అది పెన్న నీరే అనుకోవడం సహజం. కాని అందులో చాలాభాగం కృష్ణ నీరు. శ్రీశైలం జలాశయంనుండి పోతిరెడ్డిపాడు తూముల గుండా, గాలేరు-నగరి కాలువ వెంట వచ్చి చేరినది. ఇక్కడినుండి కొంత ఎత్తిపోతలతో చిత్రావతి జలాశయానికీ, పులివెందుల పొలాలకూ పోతుంది. దిగువన మైలవరం, ఆ దిగువన ప్రొద్దుటూరు. కనుక శ్రీశైలంలో మట్టం ఒక అడుగు తగ్గినా మనకు పట్టినదే.

శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. దానిని మొదట విద్యుత్తుకోసమే తలపెట్టినారు. కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రాలున్నవి. పోతిరెడ్డిపాడుకు నీరు సరిగా అందాలంటే 854 అడుగులైనా ఉండాలి; టర్బైనులు అంతకు దిగువనైనా తిరుగగలవు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. ప్రభుత్వము 1996లో కనీస మట్టాన్ని 834 అడుగులుగా నిర్ణయించి, 2004లో 854కు పెంచినది. 2014లో రాష్ట్రం రెండైన పిమ్మట ఇంటి తగవు ఇరుగుపొరుగు తగవైనది. 2015లో 512, 299 టి.ఎం.సి.ల చొప్పున వాడుకొనడానికి తాత్కాలికంగా ఒప్పుకొన్నారు. వాటాలు కుదిరినవి గాని మట్టం తగవు తీరలేదు. 2021లో విద్యుదుత్పత్తి విషయమై ఆనకట్టల వద్ద పోలీసులను నిలుపవలసి వచ్చినది.

ఈ వాదంలో మూడవ పక్షం ఒకటున్నది: జాలరి. మట్టం ఆకస్మికంగా దిగితే అతని వల ఒడ్డున పడుతుంది. అంచు నీటిలోని చేపపిల్లలు గుంటలలో చిక్కి ఎండిపోతవి. అతని గోడు ఏ అంకెలోనూ కనబడదు.

అమెరికాలో కొలంబియా నదిమీద ఇట్టి తగవునే 1988లో రాజీ చేసికొన్నారు. వెర్నిటా అనే చోట సాల్మన్ చేపలు శరత్కాలంలో గులకరాళ్ల నడుమ గుడ్లు పెడతవి. పగలు విద్యుత్తుకోసం ఎక్కువ నీరు వదిలితే చేప గట్టుమీదికి ఎగబ్రాకి గుడ్లు పెట్టును. నీరు తగ్గగానే అవి ఎండిపోవును. అందుచేత ఆ దినాలలో పగలు తక్కువగా, రాత్రి ఎక్కువగా వదులుతారు. తరువాత గూళ్లను లెక్కించి, పిల్లలు వెలువడేవరకు వాటిని ముంచియుంచేపాటి ప్రవాహం నిలుపుతారు. విద్యుత్ సంస్థకు కొంత నష్టమే. అయినా లెక్క ఉభయుల యెదుటా జరుగుతుంది గనుక వాదానికి చోటు తక్కువ.

మన బొచ్చె చేప సాల్మన్ కాదు, వరదలో గుడ్లు పెట్టే జాతి. ఆ ఒడంబడికను అట్లే దించుకొనలేము. అయితే నేటి మట్టమెంత, రేపు వదిలే నీరెంత అన్నది ముందునాటి సాయంకాలమే జాలరి రేవులకు తెలియజేయడానికి ఏ ట్రిబ్యునలూ అక్కరలేదు. మా రేడియోకు ఆ పని క్రొత్త కాదు. వరదల వేళ చేస్తున్నదే.