సంకలనంలో ఎవరి పేరు?

(దిల్‌సుఖ్‌నగర్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కవితా సంకలనాల గురించి మాట్లాడమన్నారు. ఈ హాలు చుట్టూ ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులూ, లేడీస్ హాస్టళ్ల బోర్డులే. ఇక్కడ కవిత్వం ఎవరికి కావాలి అని మీలో కొందరైనా అనుకుంటూ ఉంటారు. నేనూ అనుకున్నాను, ఎల్.బి. నగర్ వైపు ఒక హాస్టల్లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయి తన నోటుబుక్కు చూపించేదాకా. ముందువైపు కరెంట్ అఫైర్స్. వెనక పేజీల్లో తన రాతలు. కవితలో, తనతో తాను మాట్లాడుకున్న మాటలో చెప్పడం కష్టం. అలాంటివి మరికొన్ని దొరికాక పుస్తకంగా వేద్దామనుకున్నాం. ఆ అమ్మాయి ఒప్పుకుంది కానీ, "నా పేరు వెయ్యొద్దు మేడమ్, మా అన్న చూస్తాడు" అంది.

ఆ మాట నన్ను ఇబ్బంది పెట్టింది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. పీఠికలో తన వంశాన్ని ఇంటి ఆడవాళ్ల వైపు నుంచి చెప్పుకుంది. 1887లో వచ్చిన అచ్చుప్రతిలో ఆ పీఠికే లేదు, కొన్ని పద్యాలూ లేవు. వీరేశలింగం గారు ఆమె రచనను అసభ్యమన్నారు. స్త్రీవిద్య కోసం అంత చేసిన మనిషే! బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, సరిచూసి, 1910లో పూర్తి కావ్యాన్ని వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది. మరుసటి ఏడాది ప్రభుత్వం నిషేధించింది, పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. 1947లో ప్రకాశం పంతులు గారు నిషేధం తీయించేవరకూ అంతే. ఒక స్త్రీ తన పేరు, తన అమ్మమ్మల పేర్లు రాసుకుంటే తీసేసినవాళ్లు ఒకరు, వెతికి తిరిగి పెట్టినది ఇంకొక స్త్రీ. ఇద్దరూ దేవదాసీ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లేనన్నది మనం మరిచిపోకూడదు.

తర్వాతి సంకలనాల సంగతి మీకు తెలిసిందే. స్త్రీల కవితల్ని 'నీలి కవితలు' అని వెక్కిరించిన రోజుల్లో, 1993లో ఓల్గా సంపాదకత్వాన 'నీలిమేఘాలు' వచ్చింది. విడివిడిగా ఉన్నప్పుడు తిట్లు తిన్న గొంతులు ఒకచోట చేరేసరికి వాదం అయ్యాయి. కానీ అందులో 'మనం' అంటే ఎవరు అని దళిత స్త్రీలు నిలదీశారు. గోగు శ్యామల 2003లో 'నల్లపొద్దు' తెచ్చినప్పుడు 1921 నుంచీ రాసిన దళిత స్త్రీలు కనబడ్డారు. అంటే వాళ్లు ఎనభై ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. మన కళ్లకే ఆనలేదు. సంకలనం చేసేవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ మాట నాకూ వర్తిస్తుంది.

ఇప్పుడు మళ్లీ హాస్టల్ అమ్మాయి దగ్గరకు వద్దాం. పేర్లు చెరిపేసిన చరిత్రను తిట్టిన మనమే ఆమె పేరు లేకుండా అచ్చు వెయ్యాలా? మా సంఘంలో ఒకామె, "ధైర్యం చెప్పి ఒప్పిద్దాం" అంది. నాకు నచ్చలేదు. రేపు అన్న వచ్చి హాస్టల్ మాన్పిస్తే ఫీజు మనం కడతామా, పరీక్ష మనం రాయిస్తామా? పీఠిక తీసేసినప్పుడు ముద్దుపళనిని ఎవరూ అడగలేదు. ఈమె తనంతట తాను అడుగుతోంది. ఈ రెండూ ఒకటి కావు.

చట్టం కూడా కొంత తోడుంది. 1957 కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం ఈ రచన నాదని చెప్పుకునే హక్కు రాసినవారిది. ప్రచురణ హక్కులు రాసిచ్చేసినా అది పోదు. కాబట్టి ఈరోజు పేరు వద్దన్న అమ్మాయి, ఉద్యోగం వచ్చాక, పదేళ్ల తర్వాత వచ్చి 'అది నేనే రాశాను' అనవచ్చు. ఆ రోజుకు ఆమె చేతిలో రుజువు ఉండాలి కదా. అందుకని ప్రతి ఒక్కరితో రెండు కాగితాలు రాసుకుంటున్నాం. ఏది వెయ్యాలి, ఏ పేరుతో, ఏ వాక్యం తీసెయ్యాలి అన్నవి అందులో ఉంటాయి. ఒకటి మా దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర. మనసు మార్చుకోవడానికి పుస్తకం ప్రెస్సుకు వెళ్లేదాకా గడువు.

ఇప్పటికి ఇద్దరు తమవి వెనక్కి తీసుకున్నారు. అందులో ఒకటి, నా దృష్టిలో, మొత్తంలోకీ మంచిది. ఇచ్చేశాను. జిరాక్స్ కూడా ఉంచుకోలేదు.