దయ్యము పట్టిన ఇల్లు: నవలయందును, ఊరియందును



ఏ గ్రంథాలయమునందైనను ఏ పుస్తకము ముందుగ నలిగిపోవునో అలమర చూచినంతనే తెలియును. పురాణములు గౌరవముతో నిలిచియుండును. దయ్యముల నవలలు మాత్రము అట్టలూడి, కుట్లు విడి, చేతులు మారుచునే యుండును. అట్లు నలిగిన తెలుగు పుస్తకములలో మొదట చెప్పవలసినది యండమూరి వీరేంద్రనాథ్ రచించిన 'తులసిదళం'. 1980వ దశకపు తొలినాళ్ళలో 'ఆంధ్రభూమి' వారపత్రికయందు ధారావాహికముగ వెలువడి, వారము వారము ఇంటింటను నిద్ర చెరచిన నవల యది.

అందలి ఇల్లు పాడుపడిన కోటయు కాదు, ఊరి వెలుపలి బంగళాయు కాదు. తల్లి, తండ్రి, ఒక చిన్నపిల్ల ఉన్న సామాన్య సంసారము. ఆ పిల్ల పేరు తులసి. ఆమె పేర పెద్దమొత్తము ధనము వ్రాయబడును. ఆమె బ్రదికియున్నచో అది ఆమెకు చెందును, లేనిచో ఇతరులకు పోవును. కథకు కీలకమిదియే. ధనమునాశించినవారు క్షుద్రవిద్యనాశ్రయింతురు.  పిల్ల మంచము పట్టిన పిమ్మట మంత్రమునెరిగినవారొక ప్రక్కను, వైద్యశాస్త్రము చదివినవారొక ప్రక్కను ఆమెను రక్షింపజూతురు. ఎవరి ప్రయత్నమువలన ఆమె దక్కెనో తేల్చుకొను భారమును రచయిత పాఠకునకే విడిచెను. ఆ నేర్పే పుస్తకమునకు బలము; దోషమనదగినదియు అదియే. దానిని గూర్చి ముందు చెప్పబడును.

ఇట్టి కథలు మన దేశమున మాత్రమే పుట్టలేదు. 1764లో ఇంగ్లండున హొరేస్ వాల్పోల్ 'ఒట్రాంటో కోట' యను నవలను ప్రకటించెను. అందు పెండ్లినాడు వరునిపై ఆకాశమునుండి పడినట్లు ఒక మహాశిరస్త్రాణము పడి, అతడు నలిగి చనిపోవును. ఏల? ముత్తాత చేసిన మోసముచేత ఆ కోట అన్యాయముగ ఆ వంశమునకు చిక్కినది! 1878లో రవీంద్రనాథ ఠాకూరు అహమ్మదాబాదులో జడ్జిగానుండిన తన అన్న సత్యేంద్రనాథునితో షాహీబాగు మహలున నివసించెను. ఆ మహలు ఆయన మనస్సున నాటుకొని, 1895లో 'క్షుధిత పాషాణము' అను కథగ వెలువడెను. అందు పూర్వపు విలాసములును, తీరని కోరికలును రాళ్ళలో దాగి మనుష్యులను మ్రింగును. 1971లో అమెరికాలో విలియం పీటర్ బ్లాటీ వ్రాసిన 'ఎగ్జార్సిస్ట్' నవలలోనైతే బాధపడునది మరల ఒక బాలికయే.

వీనిలో 'ఒట్రాంటో', 'తులసిదళం' ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక విషయము స్పష్టమగును. రెండింటను దయ్యమునకు ముందు ఆస్తి వచ్చుచున్నది. ఒకచోట కాజేసిన కోట, వేరొకచోట పసిపిల్ల పేరనున్న సొమ్ము. ఇంట దయ్యమున్నదని వినినప్పుడు, ఆ ఇంటి పట్టా ఎవరి పేరనున్నదో ముందు విచారించుట బుద్ధిమంతుల లక్షణము.

ఈ మాట కాళేశ్వరమున చెప్పుటకు కారణము కలదు. ఇది మృత్యువును ఇంటిమనిషివలె ఎరిగిన క్షేత్రము. ఒకే పానవట్టమున రెండు లింగములు: ఒకటి కాలుడు, ఒకటి ముక్తేశ్వరుడు. ముక్తేశ్వరుని సేవించినవారెల్లరు తరించుచుండగా యమునకు పనిలేకపోయెననియు, అతడు మొరపెట్టుకొనగా శివుడు తన ప్రక్కనే చోటిచ్చెననియు స్థలకథ. అందుచేత భక్తులు ముందు కాలునికి మ్రొక్కి పిదప ముక్తేశ్వరునికి మ్రొక్కుదురు. గోదావరి, ప్రాణహిత కలియుచోట, అంతర్వాహినియగు సరస్వతిని తలచుకొని, జనులు పెద్దలకు పిండములు విడుతురు, అస్థికలు కలుపుదురు. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరములకు ఇచ్చట మునిగినవారిలో ఎందరో పితృతర్పణమునకై వచ్చినవారే. చనిపోయినవారిని ప్రేమతో సాగనంపు రేవిది. చనిపోయినవారు పగబట్టి ఇంటిలోనే తిరుగుదురను భయమునకు ఈ రేవున చోటు తక్కువ.

అయినను ఊళ్ళలో భయము పోలేదు. తెలంగాణమున చేతబడి, బాణామతి యను మాటలు నవలలలోనివి మాత్రమే కావు. పిల్లకు జ్వరము తగ్గదు, గొడ్డు పాలివ్వదు, కోడలికి మూర్ఛ వచ్చును. ఎవరిదో ఒకరి పేరు వినవచ్చును. ఆ పేరు సాధారణముగ ముసలివారిదో, వితంతువుదో, గట్టుతగాదా ఉన్న పొరుగువానిదో అగును. ఆ మీదట పండ్లూడగొట్టుట, చెట్టుకు కట్టి కొట్టుట, చంపుట కూడ ఈ నేలపై జరిగినవి. నవలలో మంత్రగాడు కల్పితుడు. ఊరిలో దెబ్బలు తిన్నవాడు కల్పితుడు కాడు.

ఏరు దాటిన సిరోంచ, అది మహారాష్ట్ర. మూఢాచారములతో పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్ 2013 ఆగస్టు 20న పూణెలో కాల్చి చంపబడెను. ఆ సంవత్సరమే ఆ రాష్ట్రమున నరబలి, చేతబడి మొదలగు దురాచారములను నిషేధించు చట్టము వచ్చెను.

మరి 'తులసిదళం' గ్రంథాలయమున ఉండవచ్చునా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. రంగనాయకమ్మ ఆ నవలను నిప్పులు చెరుగునట్లు విమర్శించెను. క్షుద్రవిద్యకు శాస్త్రముతో సమానమైన పీట వేయుట పాఠకుని మోసగించుటయే యన్నది అట్టి విమర్శల సారము. ఆ అభియోగమున బలము కలదు. పట్టణమున విద్యుద్దీపము క్రింద చదువువానికి ఆ సందిగ్ధము వినోదము. రాత్రివేళ పొరుగింటి ముసలమ్మ దగ్గు వినుచు చదువువానికి అది అనుమానమునకు ఊతము కావచ్చును. అయినను పుస్తకమును దాచిన గ్రంథాలయము దానికి రెండింతల పాఠకులను చేకూర్చును; దాచిన పుస్తకము చాటున చదువబడును, చాటున చదివినది చర్చకు రాదు.

కావున ఆ నవల అలమరలోనే యుండుట మేలు. దాని విమర్శయు ప్రక్కనే యుండవలెను. మూర్ఛ, మెదడువాపు, కామెర్లు వీనిని గూర్చి తెలుగున సులభముగ వ్రాసిన వైద్యపుస్తకములు అదే వరుసలో, చేతికందు ఎత్తున యుండవలెను. పుస్తకము తిరిగి ఇచ్చునప్పుడు "తులసిని బ్రదికించినది ఎవరు?" అని గ్రంథపాలకుడు పాఠకుని అడుగవచ్చును. మంత్రమేయని ఒకడనును, మందేయని వేరొకడనును. ఇరువురును అరుగుపై కూర్చుండి వాదించుకొనుచుండగా దీపము పెట్టు వేళ యగును.