నొప్పి, దాంపత్యం, వెండితెర
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న, 1982 నాటి నకారా తీర్పును స్మరించుకొని, కరువుభత్యం మీద నాలుగు మాటలు చెప్పి కూర్చోవడం నాకు అలవాటు. ఈసారి కార్యదర్శిగారు ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. మోకాళ్ల నూనెల సంగతి మీకు నాకంటె బాగా తెలుసు. కనుక ఎవరూ ఎత్తని విషయం ఎత్తుతాను. ఏళ్ల తరబడి విడవని నొప్పి ఆలుమగల దగ్గరితనాన్ని ఏం చేస్తుంది? సినిమాలు దాన్ని ఎలా చూపిస్తాయి? కోడళ్లు, మనవలు కంగారు పడనక్కరలేదు. మా ఇంటావిడ అనుమతి తీసుకునే వచ్చాను.

ఆవిడకు పన్నెండేళ్లుగా కీళ్లవాతం. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. తెల్లవారేసరికి వేళ్లు బిగుసుకుపోతాయి. కాఫీ గ్లాసు పట్టుకోవడానికి గంట పైనే పడుతుంది. నిద్రలో నా చేయి తగిలినా ఉలిక్కిపడేది. అందుచేత మంచాలు వేరయ్యాయి. తర్వాత మాటలూ తగ్గాయి. నొప్పి పెడుతుందేమోనని నేను దగ్గరకు పోను, వద్దంటే నొచ్చుకుంటానేమోనని ఆవిడ పిలవదు. ఎవరినీ అనడానికి లేదు, ఆ జబ్బు చేసే పనే అది. చివరకు ఆవిడే అడిగింది: "ఏమండీ, నొప్పి కీళ్లకు గదా, మనిషికి కూడా దూరం జరగాలా?"

డాక్టరుగారు మాత్రలు రాస్తారు గాని ఈ సంగతి అడగరు. మనమూ చెప్పం. మేం అడిగాం, ఆయన విసుక్కోకుండా చెప్పారు. ఈ వాతం వారికి ఉదయం కంటె మధ్యాహ్నం, సాయంత్రం నయం. వేడినీళ్ల స్నానంతో బిగువు సడలుతుంది. మోకాళ్ల కింద దిండు పెట్టుకుంటే కీళ్లమీద భారం తగ్గుతుంది. నరాల నొప్పికి, దిగులుకు ఇచ్చే మాత్రల్లో కొన్ని కోరికనే చంపేస్తాయి. ఆ మాట చెబితే మందు మార్చే వీలుంటుంది. మనంతట మనం మానకూడదు.

ఇక సినిమాలు. మన తెరమీద శోభనం గదికి పూలు, పాలు. అరవై దాటిన దంపతులకు పడక్కుర్చీ, దగ్గు. 2012లో తనికెళ్ల భరణిగారి 'మిథునం' వచ్చింది. బాలసుబ్రహ్మణ్యంగారు, లక్ష్మిగారు, ఆ తోట, ఆ వంటలు, ఆ కీచులాటలు! మూడుసార్లు చూశాను. అయితే అది దాంపత్యపు రుచి గురించిన కథ, నొప్పి గురించి కాదు.

అదే ఏడాది కాన్స్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి పొందిన ఫ్రెంచి చిత్రం 'ఆమూర్'. మైకేల్ హనెకె తీశాడు. మా మనవడు టీవీలో పెట్టి చూపించాడు. ఎనభై దాటిన ఇద్దరు సంగీతం పంతుళ్లు. భార్యకు పక్షవాతం. భర్త ఆమెను ఎత్తి కుర్చీలో కూర్చోబెడతాడు, కాళ్లు ఆడిస్తాడు. నొప్పి, నొప్పి అని ఆమె అరుస్తుంటే చేయి నిమురుతాడు, అరుపు సద్దుమణుగుతుంది. పడకగది దృశ్యమంటే ఇదీ అనిపించింది. ముగింపు మాత్రం నాకు మింగుడుపడలేదు. ఆ భర్తే ఆమె ఊపిరి ఆపేస్తాడు. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

తెరనని ఏం లాభం? మన ఇళ్లలో చూడండి. కాన్పుకని అమ్మమ్మ ఆరునెలలు అమెరికాలో, తాతయ్య ఇక్కడ. లేదా అమ్మ పెద్దవాడి దగ్గర, నాన్న చిన్నవాడి దగ్గర. ఒకే ఇంట్లో ఉన్నా ఒకరికి హాల్లో దివాన్, మరొకరికి మనవరాలి గది. గడియ పెట్టుకునే గది ముసలివాళ్లకెందుకంటారు. పిల్లల్లారా, రాత్రి రెండింటికి కాలు పీకుతుంటే మొహమాటం లేకుండా లేపగలిగే మనిషి ఒక్కరే ఉంటారు.

వచ్చే నెల మన వైద్య శిబిరానికి కీళ్ల డాక్టరుగారు వస్తున్నారు. నోటితో అడగలేనివారు పేరు లేకుండా చీటీ రాసి సంఘం ఆఫీసు గుమ్మం దగ్గరున్న రేకు డబ్బాలో వేయండి. దస్తూరీ గుర్తుపడతానని భయం వద్దు, తాళంచెవి డాక్టరుగారికే ఇస్తాం. మా ఆవిడ తన చీటీ అప్పుడే వేసింది. అందులో ఏముందో నాకు చెప్పలేదు.

సెలవు.