పుట్టుకది కాదు పాపం

(సికింద్రాబాద్‌లో గ్రామాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనిషి మంచివాడా, పాపా అన్న విషయం మీద మాట్లాడమన్నారు. నేను పాస్టరును కాను. వాక్యం చెప్పడం నా పని కాదు. కానీ మన వాడల్లో ప్రతి ఆదివారం మైకులో వినపడే మాట 'నీవు పాపివి' అన్నదే. ఆ మాటను మనం ఒకసారి విప్పి చూసుకోవాలి. ఒకప్పుడు ఆ మాటే మనోళ్ళను లేపి నిలబెట్టింది. తర్వాత ఆ మాటతోనే మెడలు వంచారు.

ఊరు మనకు అంటగట్టిన పాపం ఒకటుంది. పోయిన జన్మలో పాపం చేశావు గనక ఈ జన్మలో మాలగానో మాదిగగానో పుట్టావు అంటుంది ఊరు. ఆ లెక్కలో దొర పుణ్యాత్ముడు. బైబిలు లెక్క వేరు. అందరూ పాపులే అంటుంది. అందరూ అంటే పటేలూ, కరణమూ, పూజారీ కూడా! వెట్టి చేసే మన తాతకు ఆ మాట మొదటిసారి చెవిన పడ్డప్పుడు ఎట్లా ఉండి ఉంటుందో ఆలోచించండి. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం తీయండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడుగుతారు, ఇది వీడి పాపమా, వీడి తల్లిదండ్రుల పాపమా అని. ఇద్దరిదీ కాదంటాడు యేసు. కర్మ సిద్ధాంతానికి ఇంతకంటే సూటి జవాబు నాకు కనపడలేదు.

ఇంకో సంగతి. ఆదికాండం మొదటి అధ్యాయంలోనే దేవుడు మనిషిని తన పోలికలో చేశాడని ఉంది. ఆడమనిషినీ, మగమనిషినీ. పండు తినడం మూడో అధ్యాయం. మన బోధకులు చాలామంది ఏకంగా మూడో అధ్యాయం దగ్గర మొదలుపెడతారు. మొదటిది వదిలేసి మూడోది చెబితే, ఊరు చెప్పే మాటకూ చర్చి చెప్పే మాటకూ తేడా ఏముంది? పైగా పాపం అన్న మాట బైబిల్లో మొదటిసారి వచ్చేది ఆ పండు దగ్గర కూడా కాదు. నాలుగో అధ్యాయంలో, కయీను తన తమ్ముణ్ణి చంపబోయే ముందు. తోబుట్టువు నెత్తురు దగ్గర వచ్చిందా మాట. కల్లుముంత దగ్గర కాదు, సినిమాహాలు దగ్గర కాదు.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. ఒంగోలు దగ్గర యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. క్లో దొర దగ్గర చేరినవాళ్ళకు మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆదివారం పని చెయ్యరాదు, చచ్చిన గొడ్డును తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. చూడ్డానికి ఇవి చిన్న విషయాలే. కానీ ఆదివారం పనికి రానంటే ఏమిటి? వారానికి ఒక రోజు ఆసామికి కాదని చెప్పడం! అందుకే ఊరి పెద్దలకు మండింది. ఇక్కడ సికింద్రాబాద్ కంటోన్మెంట్ నుంచి 1870ల చివర బయల్దేరిన వెస్లియన్ మిషను మెదక్ పల్లెలకు పోయింది. మీలో చాలామంది తాతల బాప్తిస్మం ఆ దారిన వచ్చిందే. రానురాను ఆ కాదనడం పోయి, కల్లు, సినిమా, బొట్టు మాత్రం మిగిలాయి.

కారంచేడు సంగతి చూడండి. 1985 జూలై 16. మాదిగలు తాగే చెరువు నీళ్ళు మురికి చెయ్యొద్దన్నందుకు గొడవ. కొట్టబోయిన వాళ్ళ మీదికి మున్నంగి సువార్త బిందె ఎత్తింది. ఆ తల్లి పేరే సువార్త! మర్నాడు 17న కమ్మ భూస్వాములు దాడి చేసి ఆరుగురు మాదిగలను చంపారు. ఆడవాళ్ళను చెరిచారు. ప్రాణాలు దక్కినవాళ్ళు చీరాల పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. సుప్రీంకోర్టు తీర్పుకు 2008 దాకా ఆగాల్సి వచ్చింది.

బిందె ఎత్తడం పాపమా? రెండో చెంప చూపమన్నాడు కదా అనేవాళ్ళున్నారు. మరి విచారణలో బంట్రౌతు కొట్టినప్పుడు యేసు ఏం చేశాడు? ఎందుకు కొట్టావని మొహం మీదే అడిగాడు. గర్వం పాపమని దొరకు చెప్పాలి. తల ఎప్పుడూ ఎత్తనివాడికి అదే చెప్పడం మందు కాదు, రోగం. నన్నడిగితే ఆ రోజు ఆ చెరువు గట్టున దేవుని పోలిక కనపడింది ఆ బిందెలోనే.

ఇంకో పాపం సంగతి చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మనకిచ్చింది బీసీ-సి, ఒక్క శాతం. అందుకని ఇంట్లో మేరీ, సర్టిఫికెట్‌లో లక్ష్మి. 2024లో సుప్రీంకోర్టు అట్లాంటి సర్టిఫికెట్‌ను రాజ్యాంగానికి మోసమన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తిట్టారని ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు క్రైస్తవుడు గనక చెల్లదన్నది. తిట్టినవాడికి కనపడ్డ కులం కోర్టుకు కనపడలేదు. బాప్తిస్మం దాచుకున్న ఆ పిల్లదాన్ని అబద్ధికురాలని చర్చిలో నిలదీస్తారు. అబద్ధం చెప్పించిన ఉత్తర్వు పాపం ఎవరు ఒప్పుకోవాలి?

ఇంత చెప్పి మనం నీతిమంతులమని కూర్చుంటే కుదరదు. మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు. సమాధుల తోటలోనూ హద్దులే. పిల్లనివ్వమంటే ప్రార్థన చేసి చెబుతామంటారు, ఆ ప్రార్థన ఎప్పటికీ అయిపోదు. సభలో జై భీం అని ఇంటికెళ్ళి పెళ్ళాన్ని కొట్టేవాళ్ళు ఇక్కడే ఉన్నారు, నవ్వకండి. అందరూ పాపులే అన్న మాట పటేలుకు వర్తించినట్టే మనకూ వర్తిస్తుంది.

పశ్చాత్తాపం అంటే ఏడవడం కాదు. జక్కయ్య ఏడ్చినట్టు లూకా ఎక్కడా రాయలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా గుంజుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. యేసు రక్షణ మాట ఎత్తింది ఆ తర్వాతే.

వచ్చే సమావేశానికి మీ ఊరి నుంచి రెండు సంగతులు రాసుకుని రండి. ఊరు మన దగ్గర గుంజుకున్న భూమి ఎంత, సర్వే నంబర్లతో. మన సమాధుల తోటలో ఎవరిని పూడ్చనియ్యడం లేదు, ఎవరు అడ్డుపడుతున్నారు. రెండోది రాయడానికి కొంచెం చెయ్యి వణుకుతుంది, అయినా రాయండి. భోజనాలయ్యాక ప్రశ్నలు వేసుకుందాం.