తుపాను వేళ ఫోను మూగవోకుండ
(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



విత్తనమును గురించి, ఎరువును గురించి, నీటి యాజమాన్యమును గురించి మనము తరచుగా ముచ్చటించుకొనుచున్నాము. ఈ దినము ఫోనును గురించి నాలుగు మాటలు చెప్పదలచితిని. సేద్యమునకును ఫోనునకును ఏమి సంబంధమని కొందరు అనుకొనవచ్చును. వాతావరణ హెచ్చరిక ఫోనులో వచ్చుచున్నది. ధాన్యపు ధర ఫోనులో తెలియుచున్నది. పశువైద్యుని ఫోనులోనే పిలుచుచున్నాము. నాగలివలె, ట్రాక్టరువలె అదియు నేడు మనకొక పనిముట్టు. కాని మనకు మిక్కిలి అవసరమైన దినముననే ఆ పనిముట్టు పనిచేయుట మానును. దానికి కారణమేమి? మనము చేయగలిగినదేమి?

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు తీగలు తెగి, స్తంభములు కూలి, అచ్చటి ఘోరము వెంటనే బయటివారికి తెలియలేదు. వేలాది మంది ప్రాణములు కోల్పోయిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినది. ఈ పర్యాయము హెచ్చరికలు కొన్ని దినములు ముందుగనే అందినవి. ప్రజలను సురక్షిత స్థలములకు తరలించుటచే ప్రాణనష్టము చాల తగ్గినది. అయితే గాలి వెలిసిన తరువాత కరెంటు లేదు, ఫోనులు పలుకలేదు. తుపానుకు ముందు మాట వచ్చు దారి బాగుపడినది. తుపాను తరువాత మాట పోవు దారి ఇంకను బలహీనముగనే ఉన్నది. మన జాగ్రత్త అంతయు అచ్చటనే ఉండవలెను.

ఫోను మాట గొలుసువంటిది. మొదటి కడియము మన చేతిలోని ఫోను, దానిలోని బ్యాటరీ. రెండవది ఊరి టవరు. మూడవది ఆ టవరు నుండి పట్టణమునకు మాటను మోయు గాజుపోగు కేబులు. వీనిలో ఏ ఒక్కటి తెగినను మాట ఆగిపోవును. టవరు నిలిచియున్నను కరెంటు పోయినచో బ్యాటరీలు కొన్ని గంటలే కాయును. పిదప డీజిలు జనరేటరు నడువవలెను. రోడ్డుపై చెట్లు కూలి డీజిలు బండి రాలేనిచో, నిక్షేపముగా నిలిచిన టవరు కూడ మూగవోవును. పాత రాగితీగ టెలిఫోనుకు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుండి 48 వోల్టుల కరెంటు తీగలోనే వచ్చును. అందుచే ఇంటిలో దీపము లేకున్నను అది పలికెడిది. గాజుపోగు కనెక్షనుకు ఇంటిలోని పెట్టెకు కూడ కరెంటు కావలెను. ఈ తేడాను గుర్తుంచుకొనవలెను.

ఫోను లేనిచో కలుగు నష్టమెంతయో ఒక ఉదాహరణ చెప్పెదను. కార్తీక మాసము. వరి కోసి పనలు పొలములోనే ఆరుచున్నవి. తుపాను వచ్చి పనలు నీట తేలినవి. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన క్రింద ఆ పంట బీమా అయియున్నచో, కోసి ఆరబెట్టిన పంటకు కోత తరువాత 14 దినముల వరకు రక్షణ కలదు. కాని నష్టమును 72 గంటలలో తెలియజేయవలెను. అందుకు 14447 అను నంబరు కలదు. కరెంటు మూడు దినములు లేనిచో ఆ 72 గంటలు చీకటిలోనే గడచిపోవును. ఏడాది శ్రమకు రావలసిన పరిహారము ఒక్క బ్యాటరీ కొరత వలన సందేహములో పడును. ఫోను పలుకనిచో ఊరకుండక, బ్యాంకుకు గాని వ్యవసాయాధికారికి గాని స్వయముగ వెళ్లి వ్రాతమూలకముగ తెలుపవలెను.

ఇక మనము చేయవలసినది. హెచ్చరిక వినిన నాడే ఇంటిలోని ఫోనులన్నియు, పవర్ బ్యాంకులును నిండుగ ఛార్జి చేసి, తడి తగులకుండ ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి ఉంచుడు. ముఖ్యమైన నంబర్లను కాగితముపై వ్రాసి గోడకు అంటించుడు. ఫోను ఆరిపోయినచో అందులోని నంబర్లు కూడ అందవు. అత్యవసర సహాయమునకు 112, రాష్ట్ర విపత్తు నియంత్రణ కేంద్రమునకు 1070, జిల్లా కేంద్రమునకు 1077, విద్యుత్తు ఫిర్యాదునకు 1912. ఇంటిలో రెండు ఫోనులున్నచో రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు ఉండుట మంచిది. ఒక టవరు కూలినను మరియొకటి నిలువవచ్చును.

తుపాను నడుచుచుండగా ఫోనును పొదుపుగా వాడుడు. వెలుతురు తగ్గించుడు, బొమ్మలు, వీడియోలు చూడవద్దు. సిగ్నలు బలహీనమైనచో ఫోను దానిని వెదకుచు బ్యాటరీని త్రాగివేయును. కనుక ఫోనును ఆపి, ఉదయమొక పర్యాయము, సాయంకాలమొక పర్యాయము మాత్రమే తెరువుడు. పట్నములోనున్న కుమారునకో అల్లునకో ఆ వేళలను ముందుగనే చెప్పి ఉంచుడు. మాట కలియనిచో పొట్టి సందేశము పంపుడు. మాట పోని ఇరుకు దారిలో కూడ సందేశము దూరిపోవును; అవతలి ఫోను అందుబాటులో లేనిచో కేంద్రములో నిలిచి, పిదప చేరును. మీ కంపెనీ సిగ్నలు లేకున్నను 112 ను ప్రయత్నించుడు. మరొక కంపెనీ టవరు అందినచో ఆ పిలుపు పోవచ్చును. విపత్తు సమయమున ఒక కంపెనీ వారు మరొక కంపెనీ టవరును వాడుకొనుటకు ప్రభుత్వము అనుమతించిన సందర్భములు కలవు. కనుక ఫోనులో నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్‌గా ఉంచుడు.

కరెంటు లేని ఊరిలో ట్రాక్టరు మంచి సహాయము. దాని 12 వోల్టుల బ్యాటరీకి తగిన ఛార్జరు ముందుగనే కొని ఉంచినచో వీధిలోని ఫోనులన్నియు వంతులవారీగ ఛార్జి చేసికొనవచ్చును. చిన్న సౌర పలక ఉన్నచో మరియు మంచిది. జనరేటరు ఉన్నవారు దానిని ఆరుబయట నడుపవలెను. మూసిన గదిలో దాని పొగ ప్రాణము తీయును. తగిన స్విచ్చి లేక దానిని ఇంటి వైరింగునకు కలుపరాదు. ఆ కరెంటు వెనుకకు పారి, స్తంభముపై మరమ్మతు చేయుచున్న లైనుమన్ ప్రాణము మీదికి రావచ్చును.

టవరు కంపెనీ వారిదే, అయినను మన బాధ్యత కొంత కలదు. గాలి తగ్గిన వెంటనే టవరు దారిలో కూలిన చెట్లను నలుగురు కలిసి తొలగించినచో డీజిలు బండి వచ్చును. కాని తెగిన కరెంటు తీగ చెట్టుపై ఉన్నదేమో లైనుమన్ చూచు వరకు గొడ్డలి ఎత్తవద్దు. మరియొక సంగతి. చేలో నిలిచిన నీటిని తీయుటకు తొందరలో రోడ్డుగట్టు త్రవ్వుట మనకు అలవాటు. ఆ గట్టు వెంబడినే గాజుపోగు కేబులు పోవుచుండును. గుర్తురాయి ఉన్నదేమో చూచి, తెలిసినవారిని అడిగి, పిదప త్రవ్వుడు. ఒక ఎకరము నీరు తీయబోయి పది ఊళ్ల మాట తెంపవద్దు.

అన్నియు ఆగిన నాడు రేడియో మిగులును. 2004 డిసెంబరు 26 నాటి సునామీ వేళ అండమానులోని పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ రేడియో వారు కబుర్లు అందించి ఎందరికో ఊరట కలిగించిరి. మనకంత సామగ్రి అక్కరలేదు. బ్యాటరీతో నడుచు చిన్న రేడియో ఒకటి, కొత్త సెల్లులు రెండు ఇంటిలో ఉన్నచో కనీసము హెచ్చరిక వినగలుగుదుము.

వర్షాకాలమునకు ముందు కాలువ పూడిక తీయుదుము, గొడ్ల పాక కప్పు బిగింతుము. ఆ పనులతో పాటు ఈ పనిని కూడ చేర్చుడు. నంబర్ల కాగితము వ్రాయుటకు పావుగంట పట్టును. ఆ పావుగంట ఈ సాయంకాలమే కేటాయింపవలెనని మనవి చేయుచున్నాను.