ట్రైలరు బ్రేకు ట్రైలరుకే ఉండాలి

(సంఘ కార్యదర్శులు, ట్రాక్టరు డ్రైవర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి తరగతుల్లో మేము సాధారణంగా వెన్న శాతం గురించో, దాణా గురించో, గాలికుంటు టీకాల గురించో మాట్లాడతాము. ఈ రోజు బ్రేకుల గురించి మాట్లాడబోతున్నాము. పాల సంఘానికీ బ్రేకులకూ ఏమిటి సంబంధమని మీలో కొందరికి అనిపించవచ్చు. దాణా బస్తాలు మీ ఊరికి ఎందులో వస్తున్నాయి? కోతలయ్యాక వరిగడ్డి ఎందులో వస్తోంది? వాను రాని ఊళ్ళ నుంచి పాల డబ్బాలు ఎందులో పోతున్నాయి? ట్రాక్టరు వెనక కట్టిన ట్రైలరులోనే. కొందరు దాన్ని ట్రక్కు అంటారు, కొందరు ట్రాలీ అంటారు. పేరేదైనా, మన పల్లెల్లో తిరిగేవాటిలో చాలా వాటికి సొంత బ్రేకు లేదు.

మేము దగ్గరగా చూసిన ఒక సంగతి చెబుతాము. ఊరి పేరు అక్కరలేదు. దాణా వేసుకున్న ట్రైలరు ఒకటి కాలువ గట్టు మీంచి ఊళ్ళోకి దిగుతోంది. ఆ ట్రాక్టరు పొద్దున చేలో దమ్ము చేసి వచ్చినది. చేలో మలుపులు తిప్పుకోవడానికి కుడి, ఎడమ బ్రేకు పెడళ్ళను కలిపే కొక్కెం తీసి ఉంచారు. రోడ్డెక్కేటప్పుడు మళ్ళీ వేయలేదు. దిగుడులో ఒక గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు కాలు కుడి పెడలు మీద మాత్రమే పడింది. ట్రాక్టరు గిర్రున కుడికి తిరిగింది. వెనక ట్రైలరు ఆగకుండా తోసుకొచ్చింది. గట్టు అంచున ఆగబట్టి డ్రైవరు బతికాడు. ట్రాక్టరుకూ ట్రైలరుకూ మధ్య నిలబడి వస్తున్న కుర్రవాడి కాలు విరిగింది.

మేము వెళ్ళి అడిగితే డ్రైవరు ఒకటే మాట అన్నాడు: “బ్రేకు తొక్కానండీ, బండి ఆగలేదు.” అతను అబద్ధమాడలేదు. తొక్కింది ట్రాక్టరు బ్రేకు. ట్రైలరుకు తొక్కడానికి బ్రేకే లేదు. అందులో మా తప్పూ ఉంది. ఆ దాణా మేము పంపినదే. ఎన్ని బస్తాలు ఎక్కాయో లెక్క రాసుకున్నాము. బండికి బ్రేకుందా అని అడగలేదు.

ఇప్పుడు చిన్న లెక్క చూద్దాం. ట్రాక్టరు బరువు 2 టన్నులు అనుకోండి. ట్రైలరు, సరుకు కలిపి 4 టన్నులు. వట్టి ట్రాక్టరు ఒక వేగంలో 6 మీటర్లలో ఆగితే, అదే బ్రేకు బలంతో 6 టన్నులు ఆగడానికి 18 మీటర్లు కావాలి. ఇది సమనేల మీద మాట. పల్లంలో ఇంకా ఎక్కువ. వేగం గంటకు 20 కిలోమీటర్ల నుంచి 30కి పెంచితే ఆ 18 మీటర్లు 40 అవుతాయి. వేగం ఒకటిన్నర రెట్లయితే ఆగే దూరం రెండుంపావు రెట్లవుతుంది. పాల డబ్బాలు తేలికని అనుకోకండి. 40 లీటర్ల డబ్బాలు 50 ఎక్కిస్తే, డబ్బాల బరువు కాక పాలే 2 టన్నుల పైచిలుకు.

మన పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. నిండు ఎడ్లబండి పల్లం దిగేటప్పుడు కాడి ఎడ్ల మెడల మీదికి తోసుకొస్తుంది. ఎడ్లు వెనక్కి తన్నిపట్టి బరువు ఆపుతాయి. ఆ అవస్థ చూసి బండివాడు కిందికి దిగి తనూ ఒక చెయ్యి వేస్తాడు. ట్రాక్టరు ఎద్దు కాదు గనుక దాని అవస్థ మనకు కనపడదు.

కాబట్టి మొదట ట్రాక్టరును చూసుకోండి. రోడ్డెక్కే ముందు రెండు పెడళ్ళనూ కొక్కెంతో కలపండి. రెండు పెడళ్ళకూ బిగువు తగిలేలోపు ఉండే వదులు సమానంగా ఉండాలి. ఎంత ఉండాలన్నది మీ ట్రాక్టరు పుస్తకంలో రాసి ఉంటుంది. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరుకు, ముఖ్యంగా పొడి బ్రేకులున్న పాత రకాలకు, బురద నీరు లోపలికి చేరి ఉండవచ్చు. ట్రైలరు తగిలించక ముందే నాలుగుసార్లు మెల్లగా బ్రేకు పట్టి చూడండి.

ఇక ట్రైలరు బ్రేకులు. మనకు పనికొచ్చేవి మూడు రకాలు. మొదటిది తోపుడు మీద పనిచేసేది. ఓవర్‌రన్ బ్రేకు అంటారు. ట్రాక్టరు నెమ్మదించగానే ట్రైలరు ముందుకు తోస్తుంది. ఆ తోపుకు ముందు దూలంలోని రాడ్డు లోపలికి జరిగి మీటను కదిలిస్తుంది. మీట తీగను లాగుతుంది, డ్రమ్ములోని షూలు విచ్చుకుని చక్రాన్ని పడతాయి. బరువెక్కువైతే తోపు ఎక్కువ, పట్టూ ఎక్కువ. అయితే వెనక్కి నడిపేటప్పుడు కూడా ఇది పట్టేస్తుంది. దానికి అడ్డుపెట్టే పిన్ను ఉంటుంది. వెనక్కి నడపడం అయ్యాక ఆ పిన్ను తీయడం మరిచిపోతే బ్రేకు లేనట్టే. రెండవది నూనె ఒత్తిడి మీద, మూడవది గాలి ఒత్తిడి మీద పనిచేసేవి. ఇవి డ్రైవరు కాలి కిందే ఉంటాయి. బరువైన ట్రైలర్లకు ఇవే మేలు. అయితే ట్రాక్టరులో అందుకు తగిన అమరిక ఉండాలి. నూనె విషయంలో ఒక హెచ్చరిక: బ్రేకు ద్రవం పోయవలసిన చోట ఇంజను నూనె గానీ, నూనె పోయవలసిన చోట బ్రేకు ద్రవం గానీ పోయకండి. లోపలి రబ్బర్లు ఉబ్బి పాడైపోతాయి.

ట్రైలరు చక్రాలకు బ్రేకులు అమర్చడం వెల్డింగు దుకాణంలో తోచినట్టు చేయించే పని కాదు. ఇరుసు, డ్రమ్ము, షూలు ఒకదానికొకటి సరిపోవాలి. తెలిసిన వారి చేత చేయించండి. సర్దుబాటు మాత్రం మీరు నేర్చుకోవలసిందే. ట్రైలరును చదునైన చోట ఖాళీగా నిలిపి, మిగిలిన చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డం పెట్టండి. ఒక చక్రాన్ని జాకీతో లేపి, కింద గట్టి ఆధారం పెట్టండి. చేతితో చక్రం తిప్పుతూ సర్దుబాటు నట్టును బిగించండి. చక్రం పట్టేసిన చోట ఆగి, మళ్ళీ స్వేచ్ఛగా తిరిగే దాకా కొద్దిగా వదలండి. రెండో పక్కా అంతే చేయండి. ఆ తర్వాతే తీగ వదులు సరిచూడండి. తీగ బిగించి అరిగిన షూల లోటు పూడ్చడం తాత్కాలిక మోసం.

అమెరికాలో పికప్ బండ్ల వెనక పశువుల ట్రైలర్లు కట్టుకునే రైతులకు కరెంటు బ్రేకులుంటాయి. ట్రైలరుకు ఎంత బలంగా బ్రేకు పడాలో డ్రైవరు ముందున్న చిన్న పెట్టె నిర్ణయిస్తుంది. సరుకుతో, సమనేల మీద, సుమారు 40 కిలోమీటర్ల వేగంలో ట్రైలరు బ్రేకును మాత్రమే చేతితో నొక్కుతారు. చక్రాలు బిగుసుకుపోయే దాకా బలం పెంచి, అక్కడి నుంచి కొంచెం తగ్గిస్తారు. బరువు మారితే మళ్ళీ సరిచూసుకుంటారు. మన బండ్లకు ఆ పెట్టె అక్కరలేదు, ఆ పద్ధతి కావాలి. మనం 10, 15 కిలోమీటర్ల వేగంలోనే, జనం లేని చదును బాట మీద, మొదట ఖాళీగా, తర్వాత సగం బరువుతో, చివర నిండు బరువుతో చూద్దాం. వెనక నుంచి నెట్టినట్టుంటే ట్రైలరు బ్రేకు చాలడం లేదు. పట్టి గుంజినట్టుంటే ఎక్కువైంది. ఒక పక్కకు లాగితే రెండు చక్రాల సర్దుబాటు సమానంగా లేదు. కిలోమీటరు నడిపి ఆపాక అరచేతి వెనక భాగాన్ని డ్రమ్ముల దగ్గర పెట్టి చూడండి. ఒకటి వేడెక్కి, రెండోది చల్లగా ఉంటే మళ్ళీ సర్దవలసిందే.

బ్రేకు ఉన్నంత మాత్రాన సరిపోదు. రెండు చక్రాల ట్రైలరులో బరువంతా వెనక వేస్తే ముందు దూలం పైకి లేస్తుంది, ట్రాక్టరు వెనక చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. పట్టు లేని చక్రానికి ఎంత మంచి బ్రేకైనా దండగే. తగిలించే పిన్నుకు కింద తాళపు పిన్ను, దానికి తోడు గొలుసు ఉండాలి. పల్లం మొదలు కాకముందే చిన్న గేరులోకి రండి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగకండి. మధ్య దూలం మీద ఎవరినీ, మీ సొంత పిల్లవాడినైనా, ఎక్కనివ్వకండి.

చివరిగా పాలకవర్గ సభ్యులకు ఒక మాట. బ్రేకులకు డబ్బెక్కడిదని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సంఘం ట్రైలరైతే, బోనసు పంచే ముందు ఆ ఖర్చు పక్కన పెట్టమని సభ్యులను అడగండి. కిరాయి బండ్లయితే బ్రేకు ఉన్న బండికి కాస్త ఎక్కువ కిరాయి ఇచ్చినా నష్టం లేదు. చవక బండి పిలిచి మిగిల్చిన డబ్బు ఒక కాలికి కట్టు కట్టించడానికి చాలదు. మా వంతుగా, దాణా ఎక్కించే ముందు బస్తాలతో పాటు బ్రేకూ, కొక్కెమూ, పిన్నూ చూసి రాసుకునే పని మేము మొదలుపెట్టాము. బ్రేకు లేని బండి తిరిగి పంపితే మా మీద కోపగించకండి.

ఆ కుర్రవాడు ఇప్పుడు నడుస్తున్నాడు. కొంచెం కుంటుతాడు. పాలు పోయడానికి రోజూ వస్తాడు. అతను వరసలో నిలబడ్డప్పుడల్లా మాకు ఆ రోజు రాసుకున్న లెక్క గుర్తుకొస్తుంది. బయట చెట్టు కింద మీ ట్రాక్టర్లు ఉన్నాయి. భోజనాల ముందు అందరం కలిసి అక్కడికి వెళ్దాం. కొక్కెం వేసి ఉన్న వాటిని లెక్కపెడదాం.

సెలవు.