ఇద్దరి సంపాదన, ఒక్కరి పేరు

(మహిళల ఆస్తి హక్కులపై చిత్తూరులో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు మన పెద్దవాళ్ళు. రెండింటిలోనూ అయ్యే ఖర్చు గురించి, పడే యాతన గురించి అందరూ చెప్తారు. కట్టిన ఇల్లు ఎవరిదవుతుందన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఈరోజు నేను ఆ మాటే ఎత్తదలచుకున్నాను. చాలీచాలని సంపాదన ఉన్న భార్యాభర్తలు మొదటిసారి ఒక ఇల్లు కొనుక్కునేటప్పుడు ఎవరి డబ్బు పోతుంది? అప్పు ఎవరి నెత్తిన పడుతుంది? దస్తావేజులో ఎవరి పేరు ఉంటుంది? ఈ మూడు ప్రశ్నలనూ విడివిడిగా అడిగి చూద్దాం.

ముందు డబ్బు సంగతి. లెక్క కోసం మన ఊళ్ళలోని ఒక జంటను ఊహించుకుందాం. ఆయన ఆటో తోలుతాడు. ఆమె మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది, మిగతా నెలల్లో నాలుగిళ్ళలో పాచిపని చేస్తుంది. ఆయన సంపాదనలోంచి ప్రతి నెలా చీటీ కడతారు. ఆమె సంపాదన బాడుగకూ, బియ్యానికీ, పిల్లల ఫీజులకూ పోతుంది. ఐదేళ్ళ తర్వాత చీటీ డబ్బు కళ్ళకు కనపడుతుంది, తిన్న బియ్యం కనపడదు. అందుకని ఇల్లు ‘ఆయన కొన్న ఇల్లు’ అవుతుంది. ఆమె డబ్బు ఖర్చయింది కాబట్టే ఆయన డబ్బు మిగిలిందన్న చిన్న లెక్కను మన సమాజం వెయ్యదు. ఇక ఆమె ఇంట్లో చేసే చాకిరికి లెక్కే లేదు.

అడ్వాన్సుకు డబ్బు చాలకపోతే ముందు కదిలేది ఆమె ఒంటిమీది బంగారం. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం స్త్రీధనమనీ, అది పూర్తిగా ఆమెదేననీ సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అదే బంగారం ఇటుకా సిమెంటుగా మారగానే ఆమెది కాకుండా పోతోంది. ఇంకా చాలకపోతే డ్వాక్రా సంఘంలో అప్పు తెస్తుంది. సంఘంలో సంతకం ఆమెది. కంతు ఆలస్యమైతే తోటి సభ్యుల ముందు మాటపడేదీ ఆమే.

రెండోది అప్పు. మన రాష్ట్రంలో టిడ్కో కట్టిన ఇళ్ళను తీసుకోండి. 365 చదరపు అడుగుల ఇంటికి 3 లక్షల 15 వేలు, 430 అడుగుల ఇంటికి 3 లక్షల 65 వేలు బ్యాంకు అప్పుగా పెట్టారు. 9 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు అనుకుంటే 3 లక్షల 15 వేలకు నెలకు సుమారు 2,830 రూపాయలు కట్టాలి. గడువు తీరేసరికి కట్టేది దాదాపు 6 లక్షల 80 వేలు. సీజను కూలీకి ప్రతి నెలా ఆ డబ్బు తేవడమంటే మాటలు కాదు.

ప్రభుత్వ పథకంలో కాక బయట కొనుక్కునేవాళ్ళ పరిస్థితి ఇంకో రకం. ఒక్కరి ఆదాయానికి సరిపడా అప్పు పుట్టదు కాబట్టి బ్యాంకు ఇద్దరి ఆదాయాన్నీ కలిపి చూస్తుంది, భార్య చేత సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిస్తుంది. ఈ సంతకం అర్థం చాలామందికి ఎవరూ విప్పి చెప్పరు. ఆమె సగం అప్పుకు కాదు, మొత్తం అప్పుకూ బాధ్యురాలు. దస్తావేజు మాత్రం ఆయన ఒక్కడి పేరు మీదే రాస్తే ఆమెకు అప్పులో వాటా ఉంటుంది, ఇంట్లో వాటా ఉండదు. రేపు ఆయన వదిలేసిపోయినా బ్యాంకువాళ్ళు ఆమె గుమ్మం తొక్కుతారు.

మూడోది పేరు. పెళ్ళయ్యాక సంపాదించిన ఆస్తి ఇద్దరిదీ అని చెప్పే చట్టం గోవాలో ఉంది. అది పోర్చుగీసు వాళ్ళ కాలపు సివిల్ కోడు. దేశంలో చాలా భాగానికి అలాంటి చట్టం లేదు. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక మంచి మాట చెప్పింది. భర్త బయట సంపాదించగలిగింది భార్య ఇల్లు నడిపినందువల్లే కాబట్టి, అతని సంపాదనతో కొన్న ఆస్తిలో ఆమెకు సమాన హక్కు ఉందంది. కానీ ఒక తీర్పు చట్టం లోటును పూడ్చలేదు. 2005 గృహహింస చట్టం కాపురమున్న ఇంట్లో ఉండే హక్కును ఇస్తుంది. అది ఎంతో విలువైనదే. అయితే ఉండే హక్కు వేరు, ఉన్న ఇల్లు తనదవడం వేరు.

‘పథకాల ఇళ్ళన్నీ ఆడవాళ్ళ పేరు మీదే ఇస్తున్నారు కదా’ అని మీరు అడగవచ్చు. నిజమే, అది ఉత్తి పుణ్యానికి రాలేదు. స్త్రీల సంఘాలు అడగ్గా అడగ్గా ఆరో పంచవర్ష ప్రణాళికలో భార్యాభర్తలకు ఉమ్మడి పట్టా అన్న మాట చేరింది. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం ఇల్లు స్త్రీ పేరునో, ఉమ్మడిగానో ఉండాలంది. మన రాష్ట్రంలో 2020 డిసెంబర్ 25న మొదలుపెట్టి 30 లక్షలకు పైగా ఇళ్ళ పట్టాలను ఆడవాళ్ళ పేరిటే ఇచ్చారు. డిసెంబర్ 28న శ్రీకాళహస్తి దగ్గర ఊరందూరులో ముఖ్యమంత్రే వచ్చి పంచారు.

కానీ పట్టణాల్లో ఇచ్చింది ఒక సెంటు, అంటే 48 గజాల చిల్లర. ఇల్లు కట్టడానికి అప్పట్లో ఇచ్చిన సాయం 1 లక్షా 80 వేలు. ఆ డబ్బుతో ఇల్లు పూర్తవుతుందా అని మేస్త్రీని అడిగితే చెప్తాడు. మిగతాది మళ్ళీ సంఘం అప్పే, మళ్ళీ బంగారమే. లేఅవుటు ఊరికి దూరమైతే పాచిపని చేసుకునే మనిషి రోజూ ఆటో చార్జీలు పెట్టుకుని పోవాలి. ఇల్లు వచ్చి పని పోతే ఏం లాభం?

పేరు ఉన్నంత మాత్రాన సరిపోదని చెప్పడానికి ఇంకో విషయముంది. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 15వ సెక్షను. పిల్లలు లేని విధవరాలు వీలునామా రాయకుండా చనిపోతే, ఆమె సొంతంగా సంపాదించుకున్నది కూడా ముందు భర్త వారసులకు పోతుంది. ఒక స్త్రీ పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోయి, అత్తింటివాళ్ళు వెళ్ళగొడితే పుట్టింట చదువుకుని, ఉద్యోగం చేసి కూడబెట్టింది. ఆమె పోయాక ఆ డబ్బు భర్త తరఫు వాళ్ళకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వెళ్ళగొట్టినవాళ్ళే వారసులయ్యారు! పితృస్వామ్యం చట్టంలో ఎక్కడ కూర్చుని ఉందో చూడండి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? బీనా అగర్వాల్, ప్రదీప్ పాండా కేరళలోని తిరువనంతపురం జిల్లాలో చేసిన పరిశోధన 2005లో వచ్చింది. ఇల్లూ భూమీ రెండూ లేని స్త్రీలలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నారు. రెండూ ఉన్నవాళ్ళలో అది 7 శాతం. దెబ్బ పడ్డనాడు వెళ్ళడానికి తనదంటూ ఒక గుమ్మం ఉన్న మనిషి మీద చెయ్యెత్తడానికి మగవాడు ఆలోచిస్తాడు.

అందుచేత చెయ్యవలసినవి చెప్తాను. దస్తావేజు రాసేరోజే ఇద్దరి పేర్లూ రాయించండి. రెండో పేరు చేర్చినందుకు స్టాంపు ఖర్చు పెరగదు. తర్వాత చేర్చాలంటే మళ్ళీ రిజిస్ట్రేషను, మళ్ళీ ఖర్చు. మీ బంగారం అమ్మితే రసీదు దాచండి, డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచే పంపండి. ఎవరు ఎంత ఇచ్చారో దస్తావేజులోనే రాయించండి. పేరు లేని ఆస్తికి సహ రుణగ్రహీతగా సంతకం పెట్టకండి. 2024 సెప్టెంబర్‌లో ఆవాస్ యోజన రెండో విడత మొదలైంది. అందులో మొదటి 8 లక్షల అప్పుకు 4 శాతం వడ్డీ రాయితీ ఉంది, గరిష్ఠంగా 1 లక్షా 80 వేలు వస్తుంది. అడిగి తెలుసుకోండి. వీలునామా రాయండి. స్టాంపు కాగితం అక్కర్లేదు, మీ సంతకం, ఇద్దరు సాక్షులు చాలు. ముస్లిం స్త్రీలకు వీలునామాపై మూడో వంతు పరిమితి ఉంది, వాళ్ళు వకీలును అడగడం మంచిది.

ఇవి ఒక్కొక్కరం చేసుకునేవి. అందరం కలిసి అడగవలసినవి వేరే ఉన్నాయి. పెళ్ళయ్యాక కూడబెట్టిన ఆస్తి ఇద్దరిదీ అని దేశమంతటికీ చట్టం రావాలి. 15వ సెక్షను మారాలి. భార్యను సహ రుణగ్రహీతగా చేర్చుకునే బ్యాంకు, ఆమె పేరు దస్తావేజులో ఉందో లేదో చూసిన తర్వాతే అప్పు ఇవ్వాలి. ఇళ్ళ స్థలాలు పని దొరికే చోటికి దగ్గరగా ఉండాలి.

ఇల్లాలు అన్న మాటలో ఇల్లు ముందే ఉంది. అది కాగితంలోకి కూడా రావాలని అడుగుతున్నాం, అంతే. సంఘం మీటింగు జరిగే రోజున మీమీ దస్తావేజులు, పట్టాలు తెచ్చుకోండి. ఎవరి పేర్లున్నాయో అందరం కలిసి చదువుదాం. పని అక్కడి నుంచి మొదలుపెడదాం.